బెంజీన్ ఆకారాన్ని కొలిచిన కాథ్లీన్ లాన్స్‌డేల్ పేరు మన పిల్లల పుస్తకాల్లో ఎందుకు లేదు?

మంగళగిరి_టీచరమ్మ
మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. హైడ్రోకార్బన్ల పాఠం చదివిస్తుంటే ఒళ్ళు మండింది. బెంజీన్‌లో ఆరు కార్బన్లు వలయంగా ఉంటాయని ఊహించిన కెకులే కల గురించి మాత్రం తీరిగ్గా రాశారు: పాము తన తోక తానే కరుచుకోవడం, ఆయన ఉలిక్కిపడి లేవడం. దాని కింద, ఎక్స్‌రే ప్రయోగాల వల్ల బెంజీన్ సమతల షడ్భుజి అని తేలిందని ఒక్క ముక్క. ఎవరు తేల్చారు? ఎక్కడ? ఎలా? ఒక్క పేరూ లేదు.

తేల్చింది కాథ్లీన్ లాన్స్‌డేల్. భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసిన మనిషి. 1928లో లీడ్స్‌లో ఉండగా ఆ వలయం చదునుగా ఉందని ఎక్స్‌రే కొలతలతో చూపించింది. అప్పటికి ఆమెకు 25 ఏళ్ళు. కెకులే 1865లో ఊహించాడు, 1890లో బెర్లిన్ సన్మాన సభలో ఆ కల కథ చెప్పాడు. ఊహకి కథ ఉంది, కొలతకి కనీసం పేరు లేదు. ఫిజిక్స్ చెప్పే నాకే ఆవిడ పేరు ఎమ్మెస్సీ అయిపోయాక ఎప్పుడో తెలిసింది. ఇక్కడ ఎవరికైనా క్లాసులో ఈవిడ గురించి చెప్పారా?

డాలస్_బాబాయ్
మాకు చెప్పలేదమ్మా. ఎక్స్‌రేలతో స్ఫటికాల లోపలి అమరిక చూడడం మొదలెట్టిన బ్రాగ్ తండ్రీకొడుకుల దగ్గరే ఆపేశారు. లావే, బ్రాగ్, అయిపోయింది, తర్వాతి చాప్టర్.

నల్లమల_నీడ
కోచింగ్‌లో మాకు బెంజీన్ కార్బన్ల మధ్య దూరం "1.39 ఆంగ్‌స్ట్రామ్ రాసుకోండి, బిట్‌లో వస్తది" అన్నరు. అంతే.

ల్యాబ్_మాస్టారు
టీచరమ్మ గారు చెప్పింది ఒప్పే గానీ ఒక సవరణ. 1928లో ఆవిడ కొలిచింది బెంజీన్‌ని కాదు, హెక్సామిథైల్‌బెంజీన్‌ని. అంటే వలయంలోని ఆరు కార్బన్లకీ ఒక్కో మిథైల్ గుంపు (CH3) తగిలించిన పదార్థం. నేచర్‌లో 1928లో చిన్న లేఖ వచ్చింది, 1929లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో పూర్తి వ్యాసం. మామూలు బెంజీన్ స్ఫటికాన్ని కాక్స్, క్రూయిక్‌షాంక్, స్మిత్ 1958లో గడ్డకట్టే చలిలో ఉంచి బాగా కచ్చితంగా కొలిచారు. పిల్లలకి చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పాలి. చెబితే ఆవిడ గొప్ప తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

సిద్దిపేట_చిన్నోడు
సార్ గట్లయితే సీదా బెంజీన్‌నే ఎందుకు కొలవలే? నేను ఇంటర్ సెకండియర్, తెలుసుకుందామని అడుగుతున్న.

ల్యాబ్_మాస్టారు
మంచి ప్రశ్న అడిగావు నాయనా. బెంజీన్ ఐదున్నర డిగ్రీల దగ్గర కరుగుతుంది. మామూలు గదిలో అది ద్రవం. ఎక్స్‌రే ఫోటో తియ్యాలంటే అణువులు బారులు తీరి కదలకుండా నిలబడ్డ స్ఫటికం కావాలి. హెక్సామిథైల్‌బెంజీన్ గదిలోనే గట్టి స్ఫటికం. లీడ్స్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్ క్రిస్టఫర్ ఇన్‌గోల్డ్ వాటిని ఆవిడకి ఇచ్చాడు.

ఇక అసలు విషయం. స్ఫటికంలో మళ్ళీ మళ్ళీ వచ్చే చిన్న గడిని యూనిట్ సెల్ అంటాం కదా. చాలా కర్బన పదార్థాల్లో ఒక్కో గడిలో రెండో నాలుగో అణువులు ఒక్కోటి ఒక్కో వాలులో ఉంటాయి. ఇందులో గడికి ఒక్కటే అణువు. అంటే స్ఫటికంలోని అణువులన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఏ తలాల నుంచి కిరణం గట్టిగా వస్తోంది, ఏ తలాల నుంచి నీరసంగా వస్తోంది అని చూస్తే, అణువు మొత్తం ఒకే తలంలో పరుచుకుని ఉందని తేలింది. కార్బన్ల మధ్య దూరం ఆవిడ లెక్కలో 1.42 ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చింది, అటూ ఇటూ 0.03. ఇప్పటి విలువ 1.39 ఆ హద్దుల్లోనే ఉంది. కంప్యూటర్ లేదు, లాగరిథమ్ పట్టికలూ పెన్సిలూ తప్ప. దాదాపు వందేళ్ళ కిందటి లెక్క అంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు.

సిద్దిపేట_చిన్నోడు
మస్తు చెప్పిన్రు సార్. గడికి ఒక్క అణువు అనే మాట మా బుక్‌లో ఉంటే బట్టీ కొట్టే పని ఉండకపోవు.

డాలస్_బాబాయ్
మాస్టారూ, అయితే మంచి స్ఫటికం దొరకడం అదృష్టమేగా? ఇన్‌గోల్డ్ ఇచ్చాడు, బ్రాగ్ నేర్పాడు, ఈవిడ లెక్క వేసింది. పేరంతా ఈవిడకి కట్టబెట్టడం ఎంతవరకు సబబు?

మంగళగిరి_టీచరమ్మ
బాబాయ్ గారూ, నేర్పిన బ్రాగ్ (పెద్దాయన, విలియం హెన్రీ) ఏమనుకున్నాడో కూడా చూడండి. 1921లో ఆయన నాఫ్తలీన్, ఆంత్రసీన్ స్ఫటికాలు చూసి ఈ వలయాలు వజ్రంలో ఉన్నట్టు ఎగుడుదిగుడుగా ఉండొచ్చన్నాడు. శిష్యురాలి కొలత దానికి ఎదురు తిరిగింది. గురువు నొచ్చుకోలేదు, సంతోషించాడు. ఇన్‌గోల్డ్ అయితే, తమలాంటి రసాయనవేత్తలు తరాల తరబడి చేసిన పని కన్నా ఈ ఒక్క వ్యాసం ఎక్కువ భరోసా ఇచ్చిందన్న అర్థం వచ్చేలా ఆవిడకి ఉత్తరం రాశాడు.

స్ఫటికం ఎవరైనా ఇస్తారు. గురువు గారి అభిప్రాయానికి వ్యతిరేకంగా వచ్చిన అంకెని నిలబెట్టి అచ్చు వేయించడం అందరివల్లా కాదు. మన యూనివర్సిటీల్లో గైడు మాటకి ఎదురొచ్చే రిజల్ట్ చేతికొస్తే స్కాలర్లు ఏం చేస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నల్లమల_నీడ
ఆఖరి ముక్క కోసం ఈ పోస్టు ప్రింటు తీసి మా డిపార్ట్‌మెంట్ గోడకి అంటిస్తా అక్కా.

గోరింట_పువ్వు
చాలా రోజులుగా ఊరికే చదివి వెళ్ళిపోతుంటాను, ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను. నేను ఫిజిక్స్ ఎమ్మెస్సీ. పీహెచ్‌డీ సగంలో ఉండగా పాప పుట్టింది. మళ్ళీ వెళ్తే "ఇంకెవరినో తీసుకున్నాం, నువ్వు ఇంట్లోనే ఉంటావనుకున్నాం" అన్నారు. ఏ సంస్థ అనేది వద్దులెండి.

లాన్స్‌డేల్ జీవితంలో నన్ను కట్టిపడేసింది బెంజీన్ కాదు, 1929 నుంచి 1934 దాకా గడిచిన రోజులు. ఆ ఐదేళ్ళలో ముగ్గురు పిల్లలు: జేన్, నాన్సీ, స్టీఫెన్. ఆ మధ్యలోనే 1931లో హెక్సాక్లోరోబెంజీన్ నిర్మాణం అచ్చయింది. ఒక కర్బన పదార్థానికి ఫూరియే పద్ధతి వాడి ఎలక్ట్రాన్ సాంద్రత గీయడం అదే మొదలు. ఆ లెక్కలు చాలావరకు ఇంట్లో కూర్చుని చేసినవే. బ్రాగ్ ఊరుకోలేదు, ఆవిడని మళ్ళీ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కి రప్పించడానికి సర్ రాబర్ట్ మాండ్ దగ్గర డబ్బు తెచ్చాడు. ఆ డబ్బు పరికరాల కోసం కాదు, ఇంట్లో పనిమనిషిని పెట్టుకోవడానికి! పిల్లల్ని ఎవరో ఒకరు చూసుకుంటే తప్ప ఈమె ల్యాబ్‌కి రాలేదని గ్రహించి, దాన్నీ పరిశోధన ఖర్చు కిందే లెక్కగట్టిన గురువు ఆయన. 1930ల్లో!

కృష్ణాతీరం
భర్త కూడా మంచాయన. థామస్ లాన్స్‌డేల్. జీతం లేని పనిమనిషి కోసం నేను పెళ్ళి చేసుకోలేదు అన్నాడట, ఆవిడ పెళ్ళయ్యాక పరిశోధన మానేద్దామనుకున్నప్పుడు. ఆవిడ కూడా చివరి రోజుల్లో రాసింది: పెళ్ళయి పిల్లలున్న ఆడది మంచి శాస్త్రవేత్త కావాలంటే ముందు సరైన మొగుణ్ణి ఎంచుకోవాలి అని.

డాలస్_బాబాయ్
మా ఆవిడ ఈ పోస్టు చదివి నా వంక చూస్తోంది. అంట్లు తోమడానికి వెళ్తున్నా, మళ్ళీ వస్తా.

గోరింట_పువ్వు
బాబాయ్ గారూ, శుభ్రంగా తోమండి.

మంగళగిరి_టీచరమ్మ
గోరింట గారూ, డీఎస్టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) వాళ్ళకి చదువో పరిశోధనో మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళ కోసం పథకం ఉంది. ముందు ఉమెన్ సైంటిస్ట్ స్కీమ్ అనేవాళ్ళు, ఇప్పుడు వైజ్-కిరణ్ కింద నడుస్తోంది. మీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ సంగతేంటో విడిగా మెసేజ్ పెట్టండి, మాట్లాడుకుందాం.

గోరింట_పువ్వు
తప్పకుండా పెడతానండీ.

రాళ్ళసీమ_రవి
టాపిక్‌కి కాస్త పక్కకి వెళ్తున్నా. ఆవిడ జైలుకి కూడా పోయింది కదా? యుద్ధంలో దేశానికి పని చెయ్యనని. దాని గురించి ఎవరూ మాట్లాడరేం? హిట్లర్ లండన్ మీద బాంబులేస్తుంటే పేరు నమోదు చేసుకోనంది. మా నాయన ఆర్మీలో చేసినాడు. నాకిది మింగుడుపడదు.

ల్యాబ్_మాస్టారు
రవి గారూ, జరిగింది జరిగినట్టు చెబుతాను, తర్వాత మీ ఇష్టం. ఆవిడా భర్తా 1935లో క్వేకర్లనే క్రైస్తవ సంఘంలో చేరారు. క్వేకర్లు యుద్ధాన్ని ఏ రూపంలోనూ ఒప్పుకోరు. పౌర రక్షణ విధుల కోసం ఆడవాళ్ళూ పేరు నమోదు చేసుకోవాలని ప్రభుత్వం చట్టం చేసింది. చిన్నపిల్లల తల్లి కాబట్టి నమోదు చేసుకుని ఉంటే మినహాయింపు వచ్చేది. చేసుకోలేదు. 2 పౌండ్ల జరిమానా వేశారు. కట్టనంది. 1943లో హాలోవే జైల్లో ఒక నెల ఉంది.

ఒక్కటి గమనించండి. బాంబుల వల్ల మంటలు లేస్తే ఆర్పడానికి రాత్రిళ్ళు కాపలా కాసే పని ఆవిడ అప్పటికే స్వచ్ఛందంగా చేస్తోంది. సాయం చెయ్యనని ఎప్పుడూ అనలేదు. మనస్సాక్షి పేరు చెప్పి తప్పుకోవడానికి ఆ చట్టంలో దారి లేదు, ఆవిడ పోరాటమల్లా దాని మీదే.

రాళ్ళసీమ_రవి
కాపలా కాసేదే అయితే పేరు రాయిస్తే ఏం పోయింది? మొండితనం.

కృష్ణాతీరం
ఉప్పు కొనుక్కోగలిగిన వాళ్ళు కూడా దండి దాకా నడిచారు రవీ.

రాళ్ళసీమ_రవి
పరాయి ప్రభుత్వం మీద పోరాడ్డం వేరు, సొంత దేశం యుద్ధంలో ఉన్నప్పుడు వేరు. రెండూ ఒకటే అంటే ఒప్పుకోను. అయితే ఇంకోటి అడుగుతా, జైల్లో ఏం చేసింది?

గోరింట_పువ్వు
పగలు జైలు పని. సాయంత్రాలు సెల్‌లో స్ఫటికాల లెక్కలు. కాగితాలు, పుస్తకాలు తెప్పించుకోవడానికి అనుమతి దొరికింది. బయటికొచ్చాక ఊరికే కూర్చోలేదు. లోపల తను చూసిన ఆడ ఖైదీల పరిస్థితుల మీద అధికారులకి రాసింది, తర్వాత ఏళ్ళ తరబడి జైళ్ళని తనిఖీ చేసే బోర్డుల్లో పని చేసింది. జైలుకెళ్ళిన రెండేళ్ళకి, 1945లో, రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయింది. జీవరసాయనవేత్త మార్జరీ స్టీఫెన్‌సన్, ఈవిడ, ఇద్దరే మొదటి మహిళా ఫెలోలు. 1660లో పుట్టిన సొసైటీ!

1956లో డేమ్ బిరుదు (మగవాళ్ళకిచ్చే 'సర్' లాంటిది) ఇచ్చారు. ప్రభుత్వం జైల్లో పెట్టిన మనిషికే రాణి చేతుల మీదుగా బిరుదు. రవి గారూ, ఆ దేశం అప్పటికి ఆవిడ మొండితనాన్ని క్షమించిందనే అనుకుందాం.

రాళ్ళసీమ_రవి
సరే. బోర్డులో పని చేసిన మాట నాకు నచ్చింది. మిగతాది నా అభిప్రాయం నాది.

వాల్తేరు_వాసి
అందరూ లండన్‌లో తిరుగుతున్నారు, మనవాళ్ళ వైపు ఒకసారి రండి. 1934లో లాన్స్‌డేల్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కి తిరిగొచ్చేసరికి ఆవిడకి ఎక్స్‌రే యంత్రం ఖాళీ లేదు. పాత పెద్ద విద్యుదయస్కాంతం ఒకటి దొరికింది. దాంతో స్ఫటికాల అయస్కాంత ధర్మాలు కొలవడం మొదలెట్టింది. బెంజీన్ వలయానికి అడ్డంగా ఒక విలువ, నిలువుగా ఒక విలువ. నిలువుగా చాలా ఎక్కువ. అంటే కొన్ని ఎలక్ట్రాన్లు ఒక్కో బంధానికి కట్టుబడి ఉండకుండా వలయమంతా తిరుగుతున్నాయని ప్రయోగం చెప్పింది. మన పిల్లలు పై (π) ఎలక్ట్రాన్లు అని చదివేది వీటినే.

ఈ పని కలకత్తాలో అప్పటికే జరుగుతోంది. రామన్‌తో పనిచేసిన కె.ఎస్. కృష్ణన్ అక్కడ ఉన్నారు. 1936లో లాన్స్‌డేల్, కృష్ణన్ కలిసి రాయల్ సొసైటీలో వ్యాసం వేశారు. అంతకన్నా ముందు, 1929లో, నాఫ్తలీన్ స్ఫటికం అయస్కాంత ధర్మాల మీద అదే పత్రికలో వ్యాసం వేసిన కుర్రాడెవరో తెలుసా? గుడివాడలో చదువుకున్న మన సూరి భగవంతం గారు! 19 ఏళ్ళ వయసు. తర్వాత వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఫిజిక్స్‌ని నిలబెట్టారు, ఉస్మానియాకి వైస్ ఛాన్సలర్ అయ్యారు, బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టరయ్యారు. లాన్స్‌డేల్ పేరు పుస్తకంలో లేదని టీచరమ్మ గారు బాధపడుతున్నారు. భగవంతం గారి పేరు ఎంతమంది తెలుగు పిల్లలకి తెలుసు?

మంగళగిరి_టీచరమ్మ
ఈ మాట గుచ్చుకుంది వాల్తేరు గారూ. గుడివాడ మాకు గంటన్నర దారి.

సిద్దిపేట_చిన్నోడు
ఉస్మానియా వీసీ అంటే మా తాత టైమ్‌ల అయి ఉండొచ్చు. అడుగుతా.

రామన్_భక్తుడు
వాల్తేరు వాసి అంత మురిసిపోతున్నారు గానీ, ఇదే లాన్స్‌డేల్ మన రామన్ గారితో వజ్రాల మీద గొడవ పడింది. దాని గురించి ఎవరూ రాయలేదే? 1940లో రామన్, నీలకంఠన్ బెంగళూరులో వజ్రం ఎక్స్‌రే ఫోటోల్లో మామూలు చుక్కలు కాక అదనపు చుక్కలు చూశారు. అవి కొత్త క్వాంటమ్ ప్రభావమన్నారు. లండన్ వాళ్ళు ఒప్పుకోలేదు.

ల్యాబ్_మాస్టారు
ఒప్పుకోకపోవడానికి కారణం ఉంది భక్తుడు గారూ. ఫాక్సెన్, వాలర్ అంతకుముందే సిద్ధాంతంలో చెప్పారు: పరమాణువులు వేడికి అటూ ఇటూ ఊగుతుంటాయి కాబట్టి అసలు చుక్క చుట్టూ మసక వెలుగు రావాలి. లాన్స్‌డేల్, స్మిత్ చాలా స్ఫటికాల్ని వేడి చేసీ చల్లార్చీ ఫోటోలు తీశారు. చల్లారిస్తే మసక తగ్గింది, వేడి చేస్తే పెరిగింది. క్వాంటమ్ మాయ అక్కర్లేదు.

రామన్_భక్తుడు
వజ్రంలో కొన్ని చుక్కలు వేడికీ చలికీ మారలేదు మాస్టారూ. రామన్ పట్టుకున్న పాయింటే అది. దాన్ని ఎందుకు దాస్తారు?

ల్యాబ్_మాస్టారు
దాచలేదు, అక్కడికే వస్తున్నాను. మీరు చెప్పింది నిజం. కొన్ని పదునైన గీతలు మారలేదు. అవి అన్ని వజ్రాల్లోనూ లేవని లాన్స్‌డేల్, స్మిత్ 1941లో నేచర్‌లో చూపించారు. వజ్రాల్లో రెండు రకాలు: టైప్ వన్ వాటిలో ఉన్నాయి, టైప్ టూ వాటిలో లేవు. వజ్రానికే సహజమైన క్వాంటమ్ ధర్మమైతే రెండింటిలోనూ ఉండాలి కదా? తర్వాత 1950ల్లో ఆ గీతలు వజ్రం లోపల సన్నటి పలకల్లాంటి దోషాల వల్ల వస్తున్నాయనీ, టైప్ వన్ వజ్రాల్లో నైట్రోజన్ ఉందనీ వేరేవాళ్ళు తేల్చారు. చుక్కలు మారవని చూడడంలో రామన్ కళ్ళు తప్పు చెయ్యలేదు. కారణం చెప్పడంలో ఆయన తొందరపడ్డారు. ఆ తర్వాత స్ఫటికాల్లో పరమాణువుల కంపనాల మీద భౌతికశాస్త్రవేత్త మాక్స్ బార్న్‌తోనూ పేచీ సాగింది, భౌతికశాస్త్రం బార్న్ వైపే నిలబడింది.

రామన్_భక్తుడు
ఆయన చూశాడు కాబట్టే వాళ్ళు వెతికారు. అది మాత్రం రాసుకోండి.

ల్యాబ్_మాస్టారు
రాసుకున్నాను. నూటికి నూరు పాళ్ళు నిజం. వాళ్ళు ఆ వజ్రాల్ని అంత గట్టిగా పట్టుకోవడానికి బెంగళూరు ఫోటోలే కారణం.

కొల్లూరు_బాట
వజ్రాల మాట వచ్చింది కాబట్టి పల్నాడు వాడిగా నేనూ దూరుతున్నా. మాస్టారు చెప్పిన టైప్ టూలో నైట్రోజన్ దాదాపు లేని రకాన్ని టూ-ఏ అంటారు. నీళ్ళలా తేటగా ఉంటాయి. వ్యాపారులు ఇప్పటికీ ఆ రకాన్ని గోల్కొండ వజ్రం అనే పిలుస్తారు. కోహినూర్ టూ-ఏ, రీజెంట్ టూ-ఏ. కోహినూర్ మా కొల్లూరు గనిదే అంటారు. ఆ గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉన్నాయి. లాన్స్‌డేల్ గోల్కొండ రాయి పట్టుకుందని నేననడం లేదు. కానీ మన రాళ్ళు ఎందుకంత తేట అనేదానికి జవాబు ఈ టైప్ వన్, టైప్ టూ తేడాలోనే ఉంది. మా ఊళ్ళో బడిపిల్లలకి కోహినూర్ ఎవరెవరు ఎత్తుకుపోయారో నోటికొచ్చు. ఆ రాయిలో నైట్రోజన్ దాదాపు లేదన్న ముక్క ఎవరూ చెప్పరు.

నల్లమల_నీడ
ఇది కిర్రాక్ ఉంది అన్నా. రాజుల కథలకన్నా ఇదే బాగుంది.

కృష్ణాతీరం
ఆవిడ పేరు మీద కూడా ఒక వజ్రం ఉంది కదా, లాన్స్‌డేలైట్.

ల్యాబ్_మాస్టారు
ఉంది. 1967లో ఆ పేరు పెట్టారు. అమెరికాలోని కాన్యన్ డయాబ్లో ఉల్కలో దొరికింది. కార్బనే, కానీ మామూలు వజ్రంలా ఘనాకారంలో కాక షట్కోణ పద్ధతిలో పేర్చుకుంది. ఉల్క నేలని గుద్దినప్పటి ఒత్తిడికి గ్రాఫైట్ అలా మారుతుందని వివరణ. మరీ చిన్న రేణువులు, మామూలు వజ్రంతో కలగాపులగంగా ఉంటాయి. పేరు పెట్టినందుకు ఆవిడ చాలా సంతోషించింది.

సిద్దిపేట_చిన్నోడు
వజ్రం కన్నా గట్టిదా సార్ అది?

ల్యాబ్_మాస్టారు
మలినం లేకుండా దొరికితే గట్టిదే కావచ్చని సిద్ధాంత లెక్కలున్నాయి. సహజంగా దొరికేవాటిలో మలినాలూ దోషాలూ ఎక్కువ కాబట్టి వాటిని చూసి తీర్పు చెప్పకూడదు.

యూరాలజీ_అన్న
నేను డాక్టర్ని, ఈ తరహా చర్చల్లోకి రాను. ఒక్కటి చెప్పి వెళ్తా. చివరి పదేళ్ళలో లాన్స్‌డేల్ పట్టుకున్నది మూత్రాశయం, కిడ్నీ రాళ్ళు. జూన్ సూటర్ అనే సహచరురాలితో కలిసి పాత ఆసుపత్రి సేకరణల్లోని రాళ్ళనీ కొత్తవాటినీ ఎక్స్‌రే కిందపెట్టి ఒక్కోటీ దేనితో తయారైందో రాసింది. 1968లో సైన్స్ పత్రికలో మనుషుల రాళ్ళ మీద ఆవిడ వ్యాసం వచ్చింది.

మన ఎండలకి ఇక్కడ రాళ్ళ కేసులు చూసీ చూసీ విసుగొస్తుంది. రాయి తీశాక చాలామంది పారేస్తారు. పారెయ్యకండి, ల్యాబ్‌కి ఇవ్వండి. కాల్షియం ఆక్సలేట్ అని రాస్తే సరిపోదు, అందులో మోనోహైడ్రేటా (ఒక నీటి అణువు ఉన్నది) డైహైడ్రేటా (రెండు ఉన్నది) అనేది రసాయన పరీక్ష విడదీసి చెప్పలేదు, ఎక్స్‌రే వివర్తనం చెబుతుంది. మోనోహైడ్రేట్ రాయి గట్టిది, షాక్ తరంగాలతో రాళ్ళు పగలగొట్టే లిథోట్రిప్సీకి అంత సులువుగా పగలదు. యూరిక్ ఆసిడ్ రాయి అయితే మందుతోనే కరగొచ్చు.

డాలస్_బాబాయ్
అంట్లు అయిపోయాయి. డాక్టర్ గారూ, నాకు రెండుసార్లు రాళ్ళు వచ్చాయి. ఎక్కడా రాయి పరీక్ష చేయించమని చెప్పలేదు. నీళ్ళు తాగమన్నారు, పాలకూర మానమన్నారు.

యూరాలజీ_అన్న
ఈసారి వస్తే రాయి దాచుకోండి బాబాయ్. రాకూడదనే కోరుకుంటున్నా.

రాళ్ళసీమ_రవి
నా పేరు చూసి ఎవరూ జోకులెయ్యద్దు.

డాలస్_బాబాయ్
నువ్వే గుర్తుచేశావు కదయ్యా.

మంగళగిరి_టీచరమ్మ
ఇంకో సంగతి. ఐర్లండ్‌లో న్యూబ్రిడ్జ్ అనే ఊళ్ళో 1903లో పదిమంది పిల్లల్లో ఆఖరిదిగా పుట్టింది. తండ్రి పోస్ట్‌మాస్టర్. ఇంగ్లండ్ వచ్చాక ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, పైస్థాయి లెక్కలు లేవు. వాటి కోసం మగపిల్లల బడికి వెళ్ళి కూర్చుంది. 16 ఏళ్ళకి బెడ్‌ఫోర్డ్ కాలేజీ, 1922 డిగ్రీలో లండన్ యూనివర్సిటీ మొత్తానికి ఫస్ట్. పరీక్షకుల్లో బ్రాగ్ ఒకడు, వెంటనే తన బృందంలోకి పిలిచాడు. మా దగ్గర ఇప్పటికీ కొన్ని ఆడపిల్లల జూనియర్ కాలేజీల్లో ఎంపీసీ గ్రూపే ఉండదు. బైపీసీ, సీఈసీ చాలంటారు. అమ్మాయి ఎంపీసీ కావాలంటే ఊరు దాటాలి, ఊరు దాటడమంటే ఇంట్లో వద్దంటారు. కాబట్టి ఇది వందేళ్ళ కిందటి కథ అని తీసిపారేయకండి.

నల్లమల_నీడ
మా చెల్లెకి ఇదే అయింది. బైపీసీలో చేర్చిన్రు. లెక్కలంటే ప్రాణం దానికి.

గోరింట_పువ్వు
ఇంకా ఆలస్యం కాలేదని చెప్పు తనకి. చదివే సంవత్సరం ఏది? వివరాలు పంపు, చూద్దాం.

వాల్తేరు_వాసి
స్ఫటిక శాస్త్రం వాళ్ళకి ఆవిడ చేసిన అతి పెద్ద ఉపకారం మాత్రం ఇంకా ఎవరూ అనలేదు. పట్టికలు! స్ఫటికంలో అణువులు పేర్చుకునే పద్ధతులు లెక్కకి 230 మాత్రమే. ఏ ఫోటోలో ఏ చుక్కలు మాయమైతే అది ఆ 230లో ఏదో చెప్పే పట్టికలు 1924లో ఆస్ట్‌బరీతో కలిసి వేసింది, అప్పటికి 21 ఏళ్ళు. 1936లో సూత్రాల పుస్తకం మొత్తం తన చేత్తో రాస్తే, ఆ చేతిరాతనే అచ్చు వేశారు. యుద్ధం తర్వాత అంతర్జాతీయ పట్టికలకి సంపాదకురాలయింది, 1952లో మొదటి సంపుటం. మేం పీజీ చేసేటప్పుడు ఆ ఎర్రబారిన సంపుటం కోసం లైబ్రరీలో వంతులేసుకునేవాళ్ళం. మందు కొత్తదైనా ప్రోటీన్ కొత్తదైనా దాని నిర్మాణం తేల్చేవాడు ఇవాళ్టికీ ఆ 230 గదుల్లోనుంచే నడవాలి. ఒక వలయాన్ని కొలిచినందుకన్నా ఇందుకు ఎక్కువ దండం పెట్టాలి.

ల్యాబ్_మాస్టారు
నూరు శాతం ఒప్పుకుంటాను. 1966లో అంతర్జాతీయ స్ఫటిక శాస్త్ర సంఘానికి మొదటి మహిళా అధ్యక్షురాలు కావడానికి ఆ పట్టికలూ ఒక కారణమే అయి ఉండాలి.

సిద్దిపేట_చిన్నోడు
సార్ ఆఖరిది. ఫోటోలో చుక్కలు ఎట్ల వస్తయో ఇంట్లో చూడొచ్చా? నా దగ్గర లేజర్ పాయింటర్ ఉంది. చాయ్ వడపోసే జాలి పెడితే నడుస్తదా?

ల్యాబ్_మాస్టారు
చాయ్ జాలి కళ్ళు మరీ పెద్దవి, చుక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. నల్ల గొడుగు గుడ్డ తీసుకో, లేదా సన్నటి నైలాన్ ఓణీ. గది చీకటి చేసి, గుడ్డ గోడకి నాలుగైదు మీటర్ల దూరంలో పెట్టి, దానిలోంచి లేజర్ గోడ మీదికి వెయ్యి. గడులు గడులుగా చుక్కలు వస్తాయి. నేత ఎంత సన్నమైతే చుక్కలు అంత ఎడంగా జరుగుతాయి. గుడ్డని తిప్పితే చుక్కల గడులూ తిరుగుతాయి. గుడ్డని ఒకవైపు ఏటవాలుగా లాగితే ఏమవుతుందో నువ్వే చూసి ఇక్కడ రాయి. ఇంకోటి, లేజర్ ఎవరి కళ్ళలోకీ పడనివ్వకు, అద్దాలున్న వైపు వెయ్యకు.

సిద్దిపేట_చిన్నోడు
అమ్మ ఓణీ ఇయ్యదు. గొడుగు పట్టుకొస్త.